కన్నయ్య శెట్టి మోకాలు ఏ వార్డుది?

కీళ్ళ జబ్బుల వైద్యంలోకి కొత్తగా వచ్చిన డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, "మీ రోజుల్లో ఎలా ఉండేది సార్?" అని అడుగుతారు. వాళ్ళు ఆశించే జవాబు నాకు తెలుసు. ఎక్స్‌రే తప్ప మరేమీ లేని కాలంలో చేత్తో తడిమి, కంటితో చూసి రోగాన్ని పట్టేసేవాళ్ళమని చెప్పాలి. అలా చెప్పే పెద్దలు ఉన్నారు. నేను వాళ్ళ పక్కన నిలబడి పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ మాట నమ్మను.

మా రోజుల్లో ఎలా ఉండేదంటే, అయోమయంగా ఉండేది. రోగి జబ్బుకి మేం పెట్టిన పేరు చాలాసార్లు మాకే నచ్చేది కాదు. నచ్చినా నచ్చకపోయినా మందు ఇవ్వాలి, ఎందుకంటే ఆ మనిషి ఎదురుగా బల్ల మీద కూర్చుని మన మొహం చూస్తుంటాడు. ఉద్యోగంలో ఎక్కిన మెట్లు, బదిలీలు, సన్మానాలు ఇక్కడ రాయను. అవి చదివితే నాకే నిద్రొస్తుంది. ఒకే ఒక్క మోకాలి గురించి రాస్తాను. యాభైల్లో మద్రాసులో చూసిన మోకాలు అది. దాని యజమాని పేరు మార్చి కన్నయ్య శెట్టి అంటున్నాను.

ముక్కలుగా వెళ్ళిన మనిషి

అప్పుడు నేను ఒక పెద్ద సర్కారు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ యూనిట్‌లో అసిస్టెంటుని. పొద్దున్నే గేటు తెరిచేసరికి జనం కొట్టుకుంటూ వచ్చేవారు. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఒక్కటే ప్రశ్న అడిగేవాడు: "ఏం నొప్పి?" కన్ను అంటే కంటి విభాగానికి, ఎముక అంటే ఎముకల విభాగానికి, దగ్గు అంటే మా దగ్గరికి పంపేసేవాడు. రెండో నొప్పి ఉందా అని అడిగే తీరిక అతనికి లేదు. మనిషి గేటు దగ్గరికి ఒక్కడుగానే వచ్చేవాడు, లోపలికి మాత్రం ముక్కలుగా వెళ్ళేవాడు.

కన్నయ్య శెట్టికి ముప్ఫై ఏళ్ళ లోపే. వాళ్ళు తాతముత్తాతల నుంచి పాత పేటలోనే ఉంటున్న తెలుగువాళ్ళు. కొత్వాల్ బజారు దగ్గర ఎండుమిరపకాయలు, పసుపుకొమ్ములు టోకున అమ్మే కొట్టు వాళ్ళది. మొదట అతని కళ్ళు ఎర్రబడ్డాయి. కంటి విభాగంలో చుక్కలు వేసి పంపారు. మిరపకాయల కొట్టులో కూర్చునేవాడి కళ్ళు ఎర్రబడితే ఎవరైనా ఏమనుకుంటారు? తర్వాత మూత్రం పోసేటప్పుడు మంట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కుడి మోకాలు వాచింది, మడమ నేల మీద పెట్టలేకపోయాడు. అప్పుడు ఇద్దరు కూలీలు చెరో పక్క పట్టుకుని ఎముకల విభాగానికి తెచ్చారు.

అక్కడి కుర్ర డాక్టరు తెలివైనవాడే. మోకాలి దగ్గర ఆగకుండా, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అని అడిగాడు. కన్నయ్య నసిగి నసిగి మూత్రంలో మంట అని, చీము కూడా కనబడిందని చెప్పాడు. ఆ రోజుల్లో మా లెక్క సులువు. మగవాడు, వయసులో ఉన్నవాడు, మూత్రనాళంలో చీము, మోకాలు వాపు. కలిపితే సెగరోగం, అంటే గనేరియా, కీళ్ళకు పాకిందని అర్థం. వెంటనే సుఖరోగాల వార్డుకి పంపేశారు.

ఆ వార్డుకి ఒక నెంబరు ఉండేది. ఆ నెంబరు చెబితే మద్రాసులో రిక్షావాడు కూడా వెనక్కి తిరిగి మన మొహం చూసేవాడు. కన్నయ్యని స్ట్రెచర్ మీద ఆ తలుపులోంచి తీసుకుపోతుంటే బజారులో వాళ్ళ పక్క కొట్టు గుమాస్తా చూశాడు. సాయంత్రానికి బజారంతా తెలిసింది. వారం తిరిగేలోపు నెల్లూరులో అతని అత్తవారింటికి తెలిసింది.

రాజమాణిక్యం వాదం

ఆ వార్డు పెద్ద డాక్టర్ రాజమాణిక్యం. తమిళుడు, పొట్టిమనిషి, కోపిష్టి. నా ఉద్యోగంలో నేను చూసిన నిజాయితీపరుల్లో ఒకడు. మిగతా డాక్టర్లు అతని వార్డు ముందునుంచి నడవడానికి కూడా మొహమాటపడేవారు. అతను మాత్రం తన రోగుల్ని ఒక్క మాట తూలనాడగా నేను వినలేదు.

కన్నయ్యకి పెనిసిలిన్ ఇచ్చాడు. మంచి మోతాదులోనే ఇచ్చాడు. సెగరోగమైతే పెనిసిలిన్ చూడగానే తోక ముడవాలి. మోకాలు అంగుళం కూడా తగ్గలేదు. సూదితో మోకాల్లోంచి నీరు తీశాడు. పసుపుపచ్చగా, కాస్త మడ్డిగా వచ్చింది. మైక్రోస్కోపు కింద చీము కణాలున్నాయి గానీ క్రిమి లేదు. మూత్రనాళంలోంచి తీసిన చీములోనూ అంతే. అప్పుడు రెండో అభిప్రాయం కోసం మా యూనిట్‌కి కబురు చేశాడు. మా యూనిట్ పెద్దని అందరం మేజర్ అనేవాళ్ళం, యుద్ధంలో సైన్యానికి వైద్యం చేసి వచ్చినాయన. ఆయన నన్ను పంపించాడు.

"క్రిమి కనపడలేదు కదండీ" అన్నాను.

"కనపడకపోవడం మన కంటి లోపం, క్రిమి లేదని కాదు" అన్నాడు రాజమాణిక్యం. "పాతబడ్డ సెగ ఇలాగే దాక్కుంటుంది. రేపటి నుంచి జ్వరం ఎక్కిస్తాను."

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. టైఫాయిడ్ టీకా మందుని కొంచెం నరంలోకి ఎక్కించి కావాలని చలిజ్వరం తెప్పించేవాళ్ళం. ఆ వేడికి కీళ్ళలో ఉన్న క్రిమి చస్తుందని, లేదా ఒళ్ళు తిరగబడి జబ్బుని తరుముతుందని అనుకునేవాళ్ళం. కొందరికి నిజంగానే వాపు తగ్గేది. ఎందుకు తగ్గేదో తెలియదు, తగ్గనివాళ్ళకి ఎందుకు తగ్గలేదో అంతకన్నా తెలియదు. కన్నయ్య పళ్ళు టకటకలాడుతూ వణికాడు, దుప్పట్లు తడిసిపోయేలా చెమట పట్టింది, మర్నాడు ఎడమ కాలి వేలు ఒకటి వంకాయలా ఉబ్బింది. నేను మేజర్ దగ్గరికి వెళ్ళి, నాకేమీ అర్థం కాలేదని చెప్పాను. "సంతోషం. అర్థమైందని చెబితే భయపడేవాణ్ణి" అన్నాడాయన.

వంటాముదం

కన్నయ్య తల్లి రంగమ్మ రోజూ క్యారియర్‌లో చారన్నం తెచ్చేది. ఆ వార్డులోకి ఆడవాళ్ళని రానివ్వరు. తలుపు బయట గోడవారగా కూర్చుని, వచ్చేపోయే డాక్టర్లందరినీ ఆపి అడిగేది. ఒకరోజు నేను దొరికాను.

"డాక్టరయ్యా, మా వాడికి ఒంట్లో వేడి. అది దిగిపోతే అన్నీ దిగిపోతాయి. మీరేమో లేని జొరం ఎక్కిస్తా ఉండారు. ఇది న్యాయమా సామీ?"

తప్పించుకుపోదామని అనుకున్నాను. ఊరికే మాట కలపడానికి, "వేడి ఎప్పట్నించమ్మా?" అన్నాను.

"ఆముదం తాగినప్పట్నించి. మా ఇంట్లో మూణ్ణెల్లకోసారి ఆదివారం అందరూ వంటాముదం తాగేది వాడిక. మా అత్తగారి కాలంనించీ ఉండాది. ఈసారి తెచ్చిన ఆముదం మంచిది కాదయ్యా. ఎప్పుడూ ఒక పూటలో కడుపు కడిగేస్తాది. మజ్జిగన్నం తింటే నిలిచిపోతాది. ఈతూరి వారమైనా నిలవలా. మజ్జిగ పోసేకొద్దీ జాస్తి అయింది."

"వారమా?"

"ఇంట్లో అందరికీ అంతే. కన్నయ్యకి ఎక్కువ. బంకబంకగా, రక్తం కూడా పడింది. రొంబ వేడి కదా, అందుకని మజ్జిగలో ఐసు కొట్టి వేసి ఇచ్చినా. ఆ ఆముదం కొట్టువాణ్ణి పోయి నాలుగు అడిగి వచ్చినాను."

"ఇంట్లో అందరికీ అంటే, మీ కోడలికి కూడానా?"

"అది ఈడ లేదు కదా అప్పుడు! అన్న పెళ్ళని నెల్లూరికి పోయుండె. ఆ మాసమంతా ఆడనే. అదృష్టం, తప్పించుకునింది."

నేను నిలబడిపోయాను. ఆముదం ఒక పూట పనిచేస్తుంది, వారం పనిచేయదు. రక్తం అసలే పడదు. ఇంటిల్లిపాదికీ జిగట విరేచనాలు పట్టాయి. అవి ఆముదం విరేచనాల వెనకే మొదలయ్యాయి కాబట్టి, ఆముదం పని ఆముదం చేస్తోందనుకుని అందరూ కూర్చున్నారు. ఆపడానికి తాగిన మజ్జిగలో వేసిన ఐసు ఏ నీళ్ళతో చేసిందో ఆ దేవుడికే తెలియాలి. ఐసు బళ్ళవాళ్ళు రంపపు పొట్టులో పొర్లించి తెచ్చే ఆ దిమ్మల్ని నేనూ కొన్నవాణ్ణే.

లోపలికి వెళ్ళి కన్నయ్యని అడిగాను. "నీకు విరేచనాలు పట్టాయా అని మొదటిరోజే అడిగాను. లేదన్నావే?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "విరేచనాలు యాడ సార్? అది ఆముదం కదా."

ఈ ఒక్క జవాబుని నేను తర్వాత నా విద్యార్థులందరికీ చెప్పాను. రోగి అబద్ధం ఆడలేదు. జబ్బుకి, శుద్ధికి అతని ఇంట్లో వేరే వేరే పేర్లున్నాయి, మేం జబ్బు పేరుతో అడిగాం. అప్పట్నించీ నేను విరేచనాలు పట్టాయా అని అడగడం మానేసి, రోజుకి ఎన్నిసార్లు చెంబు పట్టుకున్నావు అని అడుగుతూ వచ్చాను.

జవాబు లేని ప్రశ్న

మేజర్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "యుద్ధంలో చూశానయ్యా. శిబిరమంతా జిగట విరేచనాలు. అవి తగ్గిన రెండు మూడు వారాలకి కొందరు కుర్రాళ్ళకి కళ్ళు ఎర్రబడేవి, మూత్రం మంట, మోకాళ్ళు వాపు. పై అధికారులు వాళ్ళని శిక్షించమన్నారు, ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెచ్చుకున్నారని. చుట్టుపక్కల ఎక్కడా ఆడపురుగు లేని చోట!" ఈ మూడూ కలిసి వచ్చే జబ్బుకి ఒక జర్మన్ డాక్టరు పేరు పెట్టారని, ఆ పేరు పుస్తకంలో చూపించాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన తర్వాత ఖైదీల మీద చేసిన పనులు బయటపడ్డాక వైద్యులే ఆ పేరు వదిలేశారు, నాకూ రాయబుద్ధి కాదు.

మేమిద్దరం రాజమాణిక్యం గదికి వెళ్ళాం. మేజర్ తన శిబిరం కథ చెప్పాడు.

"కడుపులో జబ్బుకి మూత్రనాళంలో చీము ఎలా వస్తుంది?" అన్నాడు రాజమాణిక్యం.

"ఎలాగో తెలియదు. వస్తుంది. కన్ను ఎలా ఎర్రబడిందో అలాగే."

"సరే, వస్తుందనే అనుకుందాం. ఆడదాని దగ్గర తెచ్చుకున్నా ఇవే మూడు, కడుపులోంచి వచ్చినా ఇవే మూడు. అలాంటప్పుడు మీ రోగి ఎవరో, నా రోగి ఎవరో మీరెలా తేలుస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు అప్పుడు మా దగ్గర లేదు. రంగమ్మ గారి ఆముదం కథ బలంగా ఉంది కాబట్టి కన్నయ్య మంచం మా వార్డుకి మారింది, అంతే. రాజమాణిక్యం అడ్డు చెప్పలేదు. "తీసుకుపోండి. మీ వార్డులో ఉంటే వాడి పెళ్ళామైనా వచ్చి చూస్తుంది" అన్నాడు.

అక్కడొక నిజం చెప్పాలి. ఆ రోజుల్లోనే పెరంబూరు నుంచి ఒక బడి పంతులమ్మ అదే మోకాలుతో, అవే ఎర్రటి కళ్ళతో మా దగ్గరికి వచ్చింది. ఆమెకి మూత్రం సంగతి ఎవరూ అడగలేదు. పెళ్ళయిన ఆడది, పైగా పంతులమ్మ, ఎలా అడుగుతాం? వాతం అని రాసి ఆస్పిరిన్ ఇచ్చాం. మేం రోగాల్ని వర్గీకరిస్తున్నామని అనుకునేవాళ్ళం గానీ, నిజానికి మనుషుల్ని వర్గీకరించేవాళ్ళం. మిరపకాయల కొట్టువాడికి ఒక రోగం, పంతులమ్మకి ఇంకొకటి. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నెల్లూరు నుంచి వచ్చిన మామగారు

కన్నయ్య మా వార్డుకి వచ్చిన మర్నాడే అతని మామగారు నెల్లూరు నుంచి దిగాడు. తెల్ల పంచె, భుజం మీద కండువా, కూర్చోమంటే కూర్చోలేదు. అతని వెనక స్తంభం పక్కన కన్నయ్య భార్య సులోచన నిలబడింది. ఇరవై దాటని పిల్ల. తల వంచుకుని ఉంది గానీ, వింటోందని తెలుస్తూనే ఉంది.

"సాయంత్రం రైలుకి బిడ్డని తీసుకుపోతా ఉండా డాక్టరుగారూ" అన్నాడాయన. "పోయేముందు ఒక్క మాట మీ నోట విందామని వచ్చినా. ఆ జబ్బా, కాదా?"

ఒక్క మాటలో చెప్పమనేవాళ్ళంటే నాకు ఎప్పుడూ భయమే. ఆముదం ఆదివారం, వారం రోజుల విరేచనాలు, మజ్జిగలో ఐసు, అన్నీ చెప్పాను. కడుపులో జబ్బు తగ్గాక కొందరికి ఇలా కళ్ళు ఎర్రబడి, కీళ్ళు వాస్తాయని, ఇతనిది అదేనని మేం అనుకుంటున్నామని చెప్పాను.

ఆయన భుజం మీద కండువా సర్దుకున్నాడు. "కడుపులో పోసిన మజ్జిగ మోకాల్లోకి ఎట్లా వస్తాదండీ?"

"అది నాకూ తెలియదండీ."

నన్ను ఎగాదిగా చూశాడు. "తెలియదని చెప్పిన డాక్టర్ని ఇప్పుడే చూస్తా ఉండా" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "అమ్మా, నువ్వు ఈడనే ఉండు. నేను పోతా" అన్నాడు. సులోచన తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూసింది. కృతజ్ఞత అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, ఈరోజు ఒక కాపురం నిలబెట్టానని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఏదివల్ల సార్?

వైద్యం పెద్దగా ఏం లేదు. మోకాలికి కట్టు కట్టి విశ్రాంతి, చెవుల్లో హోరు మొదలయ్యేదాకా ఆస్పిరిన్, కంట్లో చుక్కలు, నీరు నిండినప్పుడల్లా సూదితో తీయడం. వీటితోపాటు టెట్రాసైక్లిన్ గుళికలు. అవి అప్పుడు కొత్త. జిగట విరేచనాలకీ ఇచ్చేవాళ్ళం, పెనిసిలిన్‌కి లొంగని మూత్రనాళపు చీముకీ ఇచ్చేవాళ్ళం. ఏ కథ నిజమైనా సరిపోయే మందు కాబట్టే మేజర్ దాన్ని ఎంచుకున్నాడని నాకు అనుమానం. మెల్లగా వాపు దిగింది. గుళికల వల్ల దిగిందా, దానంతటదే దిగిందా అని నన్ను అడగొద్దు.

కర్ర పట్టుకుని వరండాలో నడవడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం కన్నయ్య నా పక్కన ఆగాడు.

"సార్, ఒక మాట. సులోచన నెల్లూరికి పోయింది కదా... అప్పుడు నేను ఒక తడవ... ఒక్క తడవే సార్... స్నేహితులతో పోయినా."

నోటికొచ్చింది తెలివితక్కువగా అడిగేశాను. "ఆముదానికి ముందా, తర్వాతా?"

"ముందర. కొంచెం ముందర." అతని కళ్ళు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి, ఈసారి జబ్బు వల్ల కాదు. "ఏదివల్ల సార్ ఇది? మజ్జిగవల్లా, దానివల్లా? మీరు ఏది చెప్తే అది నమ్ముతా."

ఏది చెప్పను? మజ్జిగ అని చెబితే అతని మనసు తేలికపడుతుంది. రెండోది అని చెబితే ఆ పిల్ల మళ్ళీ రైలెక్కుతుంది. రెండూ నాకు తెలియవు. తెలియదనే చెప్పాను. మామగారికి తెలియదన్నప్పుడు నిజాయితీపరుణ్ణి అయ్యాను. అల్లుడికి తెలియదన్నప్పుడు మాత్రం చేతకానివాణ్ణని అనిపించింది.

"ఏదైనా కానీ, నీ భార్య కూడా ఆ గుళికలు వాడాలి" అన్నాను. "రెండోదే నిజమైతే, ఆమె వచ్చాక ఆమెకీ అంటుకుని ఉండొచ్చు. ఆడవాళ్ళకి బయటికి ఏమీ కనపడదు. లోపల గర్భసంచికి చెడుపు చేస్తుంది."

"ఏమని చెప్పి ఇచ్చేది సార్?"

ఆ ప్రశ్న పట్టుకుని రాజమాణిక్యం దగ్గరికి వెళ్ళాను. "నేను ముందే అన్నాను కదా" అని ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. "నా వార్డులో మగవాళ్ళందరికీ పెళ్ళాలున్నారు. వాళ్ళ మొహాలు నేను చూడను. మందు సగం ఇళ్ళకి కూడా చేరదు. అదే మగవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు. ఏమని చెప్పాలో నాకు తెలిసుంటే ఈ వార్డు ఎప్పుడో మూతబడేది" అన్నాడు. టీ తెప్పించి ఇచ్చాడు. ఇద్దరం తాగాం.

తర్వాత తెలిసినవి, ఇంకా తెలియనివి

ఇదంతా జరిగిన చాలా ఏళ్ళకి ఈ జబ్బుకి రియాక్టివ్ ఆర్థ్రయిటిస్ అన్న పేరు స్థిరపడింది. క్రిమి ఒకచోట దూరుతుంది, ఒళ్ళు ఇంకోచోట తిరగబడుతుంది. మోకాల్లో బతికున్న క్రిమి దొరకదు, అందుకే మా మైక్రోస్కోపుకి ఏమీ కనపడలేదు. రాజమాణిక్యం కన్ను తప్పు కాదు, నాది కూడా కాదు. కొందరికి పుట్టుకతో వచ్చే ఒక రక్తపు గుర్తు ఉంటే ఈ జబ్బు ఎక్కువ పడుతుంది. అందుకే ఒకే మజ్జిగ తాగిన ఇంట్లో మిగతావాళ్ళు లేచి తిరిగారు, కన్నయ్య మంచం పట్టాడు. ఆ గుర్తు ఉన్నవాళ్ళందరికీ వస్తుందా అంటే రాదు. లేనివాళ్ళకి రాదా అంటే వస్తుంది. నవ్వకండి, ఇప్పటికీ ఇంతే.

ఇప్పుడు దీన్ని వెన్నెముక వాతాల కుటుంబంలో చేర్చారు. సొరియాసిస్‌తో వచ్చే కీళ్ళవాతం, పేగుపూతతో వచ్చే కీళ్ళవాతం దీని దాయాదులు. ఉదయాన్నే నడుము పట్టేయడం, మడమ నొప్పి, ఉబ్బిన వేలు కనబడితే ఈ కుటుంబాన్ని తలుచుకోండి. కానీ ఒంటరిగా వాచిన మోకాలు చూడగానే ముందు చీము కాదని తేల్చుకోండి, పేరు పెట్టడం తర్వాత. కన్ను ఎర్రబడితే వెంటనే కంటి డాక్టరుకి చూపించండి. వాపుకి మాత్రలు, చీము లేదని తేలాక కీలులో ఒక సూదిమందు, మొండికేస్తే దీర్ఘకాలపు మందులు ఉన్నాయి. యాంటీబయాటిక్ కీలు కోసం కాదు, క్రిమి ఇంకా ఎక్కడైనా ఉంటే దానికోసం. మూత్రనాళంలో ఉంటే జంటలో ఇద్దరికీ ఇవ్వాలి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, కొందరికి తిరగబెడుతుంది. ఎవరికి ఏది అని నన్ను అడిగినవాళ్ళకి నేను చెప్పింది తక్కువే.

ఇన్ని తెలిశాక కూడా కన్నయ్య ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఇప్పటి పరీక్షలు అప్పుడుంటే తేలేదేమో. రోగిని ఏ పెట్టెలో వేయాలో తెలియకుండానే రోగం నయమవుతుందని, పెట్టె తెలిసినంత మాత్రాన నయం కాదని మాత్రం నేర్చుకున్నాను.

సులోచన

ఇంటికి వెళ్ళిన కొన్ని వారాలకి కన్నయ్య చూపించుకోవడానికి వచ్చాడు. సులోచన వెంట వచ్చింది. అతను కుంటడం లేదు, మడమ మాత్రం పొద్దున్నే పట్టేస్తోందన్నాడు. చూశాను, మాత్రలు రాశాను. ఆమెకి గుళికలు ఎలా చేర్చాలా అన్న ఆలోచన నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అతను నా వైపు చూసి, ఆమె వైపు చూసి, నేల చూపులు చూశాడు. ఆమెకి ఏమీ చెప్పలేదని అర్థమైంది.

"ఏమండీ, పోయి రిక్షా పిలవండి" అందామె. "ఎండలో నేను నడవలేను."

అతను వెళ్ళాడు. ఆమె కదల్లేదు. నేను తలెత్తాను.

"డాక్టరుగారూ, ఆయనకి ఇచ్చినారే ఆ గుళికలు, అవి నాకూ రాసియ్యండి."

"నీకెందుకమ్మా?"

"ఆ మజ్జిగ నేనూ తాగినా కదండీ."

ఆమె గొంతులో తడబాటు లేదు. ఆ ఆదివారం ఆమె ఆ ఇంట్లో లేదు. నెల్లూరులో అన్న పెళ్ళిలో ఉంది. ఆ సంగతి వాళ్ళ అత్తగారు ఎప్పుడో నాకు చెప్పింది. నాకు తెలుసని ఈమెకి తెలుసో లేదో నాకు తెలియదు. భర్త సంగతి ఈమెకి ఎవరు చెప్పారో, లేక ఆ రోజు స్తంభం పక్కన నిలబడి నా మాటలు వింటున్నప్పుడే తనే ఊహించుకుందో, అదీ తెలియదు. కృతజ్ఞత అనుకున్న ఆ చూపు మరొకటేమో. నేను నిలబెట్టానని చెప్పుకున్న కాపురాన్ని నిలబెడుతున్నది ఎవరో అప్పటికి తెలిసింది.

ముందు నెల తప్పిందేమో అడిగాను. లేదంది. గుళికలు రాసిచ్చాను. ఎన్నాళ్ళు, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పాను. తప్పకుండా అన్నీ వాడాలన్నాను. ఆమె శ్రద్ధగా విని, చీటీ మడిచి కొంగున ముడి వేసుకుంది. బయట కన్నయ్య రిక్షావాడితో బేరమాడుతున్న గొంతు వినపడుతోంది.

గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"నేను వాడతా ఉండానని ఆయనకి చెప్పబాకండి. దిగులు పడతారు."

నేను చెప్పలేదు.